స్వీయచరిత్రలో బాల్యదైన్యము : మాయా ఏంజెలో తొలి గ్రంథముపై ఒక పరిశీలనము

స్వీయచరిత్ర వ్రాయువారందరును బాల్యమును గురించి ఎంతో కొంత చెప్పుదురు. కాని ఆ చెప్పుట అన్ని గ్రంథములందును ఒకే తీరున ఉండదు. వంశక్రమము, జన్మస్థలము, విద్యాభ్యాసము, చిన్ననాటి చేష్టలు, వీనిని వరుసగా చెప్పి, పెద్దనాటి కార్యములకు పీఠికగా బాల్యమును నిలుపుట ఒక పద్ధతి. లోకహితమునకై పాటుపడిన పెద్దల చరిత్రలలో ఈ పద్ధతియే హెచ్చుగా కనబడును. వీరేశలింగము పంతులుగారి స్వీయచరిత్రమునందును సంఘసంస్కరణమే ప్రధానము. బాల్యమును పీఠికగా గాక ప్రధానవస్తువుగా గ్రహించి, ఆ వయసున మనసును తొలిచిన శంకలను శంకలుగానే నిలిపి చూపుట రెండవ పద్ధతి. ఇది కష్టతరము. ఏలయన, వ్రాయునాటికి రచయితకు ఆ శంకల సమాధానము తెలిసియుండును. తెలిసిన దానిని పక్కన నుంచి, తెలియని నాటి మనసుతో మాటలాడవలెను.

ఈ రెండవ పద్ధతికి చక్కని ఉదాహరణము అమెరికాదేశపు నల్లజాతి రచయిత్రి మాయా ఏంజెలో (1928-2014) 1969లో ప్రకటించిన 'ఐ నో వై ది కేజ్డ్ బర్డ్ సింగ్స్' అను గ్రంథము. పంజరములోని పక్షి ఏల పాడునో నేనెరుగుదునని ఈ పేరునకు అర్థము. నల్లజాతి కవి పాల్ లారెన్స్ డన్‌బార్ 1899 నాటి కవిత 'సింపథీ' నుండి ఈ పేరు గ్రహింపబడినది. ఆమె వ్రాసిన ఏడు స్వీయచరిత్ర సంపుటములలో ఇది మొదటిది. మూడవయేట మొదలై, ఆమె తల్లియగు నంతవరకును జరిగిన కథ ఇందలి వస్తువు.

ఈ గ్రంథమునందలి బాలికను మూడు శంకలు వేధించుచుండును. నేను కురూపినా? నేను ఎవరికి చెందినదానను? నా తల్లిదండ్రులకు నేనేల అక్కరలేకపోతిని? మొదటిదానిని వర్ణవివక్ష క్రిందను, రెండవదానిని సంఘజీవనము క్రిందను, మూడవదానిని కుటుంబము క్రిందను చేర్చి విడివిడిగా విచారించుట సులభము. కాని గ్రంథమును క్రమముగా చదివినచో, ఈ మూడును ఒకే ప్రశ్నకు మూడు ముఖములని తోచును. తల్లి తన్నేల పంపివేసెనన్నదే మూలప్రశ్న. తన రూపము మంచిది కాదన్నది, ఆ ప్రశ్నకు బాలిక తానై కల్పించుకొన్న సమాధానము. ఈ విషయమును నిరూపించుటయే ఈ వ్యాసోద్దేశము.

ముందుగా కథాభాగమును స్మరింతము. రచయిత్రి చిన్ననాటి పేరు మార్గరీట్ జాన్సన్. జన్మస్థలము సెయింట్ లూయిస్ నగరము. తల్లిదండ్రులు విడిపోయిన పిమ్మట, మూడేండ్ల మార్గరీట్‌ను, నాలుగేండ్ల అన్న బెయిలీని, ముంజేతులకు చీటీలు కట్టి, కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ నుండి ఆర్కన్సా రాష్ట్రములోని స్టాంప్స్ అను చిన్నయూరికి రైలులో పంపివేసిరి. ఆ యూర నాయనమ్మ ఆనీ హెండర్సన్ నల్లవారి పేటలో దుకాణము నడుపుచుండెను. అవిటివాడైన పినతండ్రి విల్లీ ఆమెతోనే యుండెను. తెల్లవారి వాడ వేరు, నల్లవారి వాడ వేరు. తెల్లవారు నిజముగా ఎట్లుందురో నల్లపిల్లలకు సరిగా తెలియనంత దూరముగా ఆ రెండు వాడలును బ్రదికెను. పిల్లలకు తిండికి, బట్టకు, క్రమశిక్షణకు లోటు లేదు. నాయనమ్మ ప్రేమకును లోటు లేదు. లోటైనది సమాధానము మాత్రమే.

గ్రంథము ఈస్టరు పండుగనాటి దృశ్యముతో మొదలగును. దేవాలయమున అందరి యెదుట నిలిచి ఒక చిన్న పద్యము చదువవలసిన బాలిక ఆ పద్యమును మరచిపోవును. ఆ పద్యముయొక్క తాత్పర్యము, తాను అచట నిలిచియుండుటకు రాలేదనుట. ఎచటను నిలుకడ లేని బాలిక కథకు ఇంతకంటె తగిన ప్రారంభము లేదు. ఆనాడు ఆమె ధరించిన లేత ఊదారంగు గౌనును నాయనమ్మయే కుట్టినది. అది తొడుగుకొన్నంతనే తాను చలనచిత్రతారవలె వెలిగిపోవుదునని బాలిక యాశపడినది. తీరా తెల్లవారిన పిమ్మట చూడగా, అది ఎవరో తెల్లదొరసాని విడిచిన పాతబట్టను చిన్నదిగా కత్తిరించి కుట్టినదని తెలిసిపోయినది.

ఆ దృశ్యముననే బాలిక పగటికల యొకటి చెప్పబడినది. తాను నిజమునకు నల్లపిల్ల కాదట. ఈ నల్లని రూపము ఒక పీడకల. ఒకనాడు మేల్కొనగానే పొడవైన పసిడివన్నె జుట్టు, నీలికన్నులు బయటపడి లోకము నివ్వెరపోవునట. తన యందమునకు అసూయపడిన సవతితల్లి వంటి యొక క్రూరదేవత తన్ను ఇట్లు మార్చివేసినదట. ఈ కలలోని పసిడిజుట్టును అందరును గమనింతురు. నల్లవారిని చిన్నచూపు చూచు సంఘము, ఆ నల్లవారి పిల్లకే తన అందపుకొలతను అరువిచ్చిన తీరు దానియందు స్పష్టము. కాని ఆ కలలో మనము గమనింపవలసిన రెండవ పాత్ర సవతితల్లి. రూపము చెడుటకు కారణము ఒక తల్లి. అదియు కన్నతల్లి కాని తల్లి. అనగా అందమును గూర్చిన ఈ కలలోనే తల్లిని గూర్చిన ప్రశ్న దాగియున్నది.

మన వాఙ్మయమున ఇందుకు పోల్చదగినది ధ్రువోపాఖ్యానము. పోతన భాగవత చతుర్థస్కంధమున దీనిని చదివినవారే మనలో ఎక్కువమంది. తండ్రి తొడ నెక్కగోరిన ధ్రువుని సవతితల్లి సురుచి అడ్డగించి, తన కడుపున పుట్టనివానికి ఆ యర్హత లేదనును. ధ్రువుని దుఃఖము గొప్పదే. అయినను అతనికి రెండు సౌకర్యములు కలవు. తిరస్కారమునకు కారణమేమో ఒకరు నోటితో చెప్పిరి. ఏడ్చుచు పోయి పడుటకు కన్నతల్లి సునీతి ఒడి యున్నది. మార్గరీట్‌కు ఈ రెండును లేవు. కారణమెవ్వరును చెప్పలేదు. ఏ తల్లి యొడిలో తల దాచుకొనవలెనో, ఆ తల్లియే దూరమైనది. కావున సురుచి పాత్రను సైతము ఆ బాలిక తన యూహలో తానే సృష్టించుకొనవలసి వచ్చినది.

ఈ ప్రశ్న ఎప్పుడు పదునెక్కినదో రచయిత్రి స్పష్టముగా చూపినది. చాలకాలము వరకు పిల్లలిద్దరును తల్లి మరణించినదని భావించుచుండిరి. శవపేటికలో పరున్న తల్లిని ఊహించుకొని బాలిక దుఃఖించెడిది. ఒక క్రిస్మస్ నాడు తల్లిదండ్రులనుండి కానుకలు వచ్చినవి. తండ్రి తన ఛాయాచిత్రమును పంపెను. తల్లి ఆటకు తేనీటి పాత్రలను, పచ్చని జుట్టు, నీలికన్నులు గల బొమ్మను పంపెను. సంతోషింపవలసిన పిల్లలు వెలుపలికి పోయి వేరువేరుగా ఏడ్చిరి. కారణము చిన్నది కాదు. మరణించిన తల్లి పిల్లలను విడిచిపెట్టినది కాదు. బ్రదికియున్న తల్లి విడిచిపెట్టినది. కానుకలు వచ్చినందుననే, మేమేమి తప్పు చేసితిమన్న ప్రశ్న పుట్టినది. మరునాడు వారిద్దరును ఆ బొమ్మ కడుపు చీల్చి అందలి కూరుడును లాగివేసిరి. కాని పాత్రలను మాత్రము పగులగొట్టలేదు. తల్లి ఏ క్షణముననైనను రావచ్చును గనుక వానిని భద్రపరుపుమని అన్న హెచ్చరించినాడు. కోపమును ఆశయు ఒకే కానుకను చెరిసగము పంచుకొన్నవి.

ఈ బొమ్మను చదువునపుడు కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అను మనశ్శాస్త్రజ్ఞ దంపతులు 1947లో ప్రకటించిన పరిశోధన జ్ఞప్తికి వచ్చును. వారు 3 మొదలు 7 ఏండ్ల వరకు వయసుగల 253 మంది నల్లజాతి పిల్లలకు తెల్లబొమ్మలను, గోధుమవన్నె బొమ్మలను చూపి ప్రశ్నించిరి. ఆడుకొనుటకు తెల్లబొమ్మనే కోరినవారు సుమారు మూడింట రెండు వంతులు. ఆ పిల్లలలో 134 మంది ఆర్కన్సా రాష్ట్రమువారే యగుట గమనింపదగినది. పాఠశాలలలో జాతివిభజన చెల్లదని 1954లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము ఇచ్చిన తీర్పు క్లార్క్ రచనను ఉదాహరించినది. సంఘము పసిమనసులో నాటిన కొలతకు ఈ పరిశోధన సాక్ష్యము. కాని స్వీయచరిత్ర ఇంకొక మాట చెప్పగలదు. బొమ్మ ఏ రంగుదో పరిశోధకుడు చూపును. ఆ బొమ్మను ఎవరు పంపిరో స్వీయచరిత్ర చూపును. ఈ కథలో తెల్లబొమ్మను పంపినది నల్లనితల్లి. బాలిక చీల్చినది తెల్లదనమునా, తల్లి గైరుహాజరునా అని విడదీయుట సాధ్యము కాదు.

రూపమును గూర్చిన శంకకు రంగు ఒక్కటే కారణము కాదనుటకు గ్రంథమందే ప్రబలమైన సాక్ష్యమున్నది. అది అన్న బెయిలీ. అతడు చెల్లెలివలెనే నల్లనివాడు. అయినను అతని నునుపైన నల్లని మేనును, చురుకైన నడకను ఆమె మురిపెముగా వర్ణించును. తన యవయవముల పొడవును, మోటుదనమును చెప్పి నొచ్చుకొనును. ఇరుగుపొరుగువారు ఆమె రూపమును గూర్చి నిష్ఠురములాడినపుడు అన్నయే వారిపై ఉపాయముగా పగ తీర్చుకొనెడివాడు. అనగా ఆ బాలిక కన్నులకు నలుపు అందమునకు ఎల్లప్పుడును విరోధి కాదు.

ఇచట ఆమె ఊహకు ఒక చిక్కు వచ్చిపడినది. కురూపమే తిరస్కారమునకు కారణమైనచో, సుందరుడైన బెయిలీ ఏల పంపివేయబడెను? ఈ చిక్కును బాలిక రెండుమార్లు రెండు తీరుల విప్పుకొనుటకు ప్రయత్నించినది. సుమారు ఏడేండ్ల వయసున తండ్రి హఠాత్తుగా స్టాంప్స్‌కు వచ్చెను. ఎత్తరి, అందగాడు, నాగరకముగా మాటలాడువాడు. అతనికిని అన్నకును గల పోలికను చూచి, తాను అసలీ కుటుంబపు పిల్ల కాదేమో, అన్నకు తోడుగా నుండుటకై ఎచటనో తెచ్చిన అనాథనేమో అని శంకించినది. తరువాత సెయింట్ లూయిస్‌లో తల్లి వివియన్ బాక్స్టర్‌ను చూచినది. ఆ సౌందర్యము పిడుగువలె తాకినది. తల్లి తన్ను ఏల పంపివేసినదో అప్పుడే అర్థమైనదని ఆమె చెప్పును. అంతటి యందగత్తెకు పిల్లలుండుట తగదట! మొదటి సమాధానమున తప్పు తనది. రెండవ సమాధానమున తప్పు ఎవరిదియు కాదు. కాని రెండింటను కొలత మాత్రము అందమే. ప్రశ్న కుటుంబమును గూర్చినది; జవాబు రూపమును గూర్చినది. ఈ వ్యాసమున నిరూపింపదలచిన సంబంధము ఇదియే.

'కాకిపిల్ల కాకికి ముద్దు' అని మన సామెత. దీనియందు రెండు భాగములు గలవు. లోకపు కొలత ముందే నిశ్చయింపబడినది. ఆ కొలతనుండి తల్లి యొక్కతెకు మాత్రము మినహాయింపు కలదు. సామెత లోకపు కొలతను ప్రశ్నింపదు. తల్లిముద్దును దానికి విరుగుడుగా చూపును. మార్గరీట్ స్థితి ఆ మినహాయింపు తొలగిన స్థితి. తల్లిముద్దు చేతికందనపుడు లోకపు కొలతయొక్కటే మిగులును. ఆ కొలత అన్యాయమైనదని తెలియు వయసు కాదు గనుక, బాలిక దానిని సత్యముగా గ్రహించినది. జాతివివక్షయొక్క క్రౌర్యము ఇచట రెట్టింపగును. ఏ ఇంటనైనను తల్లికి దూరమైన బిడ్డ తన్ను తాను నిందించుకొనును. ఈ బిడ్డకు ఆ నిందకు కావలసిన మాటలను సంఘము సిద్ధముగా నుంచినది.

ఆదరమునకై ఇంతగా అలమటించు బిడ్డ అపాయమునకు సులభముగా చిక్కును. సెయింట్ లూయిస్‌లో ఎనిమిదవయేట తల్లి ప్రియుడే ఆమెపై అత్యాచారము చేసెను. ఆదిలో అతడు చూపిన దొంగ ఆదరమును చూచి, ఇతడే తన నిజమైన తండ్రి కాబోలునని బాలిక భ్రమించిన సంగతిని రచయిత్రి దాచలేదు. న్యాయస్థానమున శిక్ష పడినను అతడు వెంటనే విడుదలయ్యెను. పిమ్మట ఎవరో అతనిని చంపివేసిరి. సాక్ష్యము చెప్పిన తన మాటయే అతని ప్రాణము తీసినదని బాలిక నమ్మి, అన్నతో తప్ప ఎవ్వరితోను మాటలాడుట మానివేసినది. పిల్లలిద్దరును మరల స్టాంప్స్‌కు చేరిరి. ఆ మౌనము సుమారు ఐదేండ్లు సాగినదని రచయిత్రి తరువాతి కాలమున చెప్పుచుండెడిది. పూర్వము రూపమును నిందించుకొన్న బాలిక ఇపుడు వాక్కునే నిందించుకొన్నది. నేరము పరులది, శిక్ష తనకు తాను విధించుకొన్నది. బాల్యదైన్యముయొక్క స్వభావమే ఇది.

మన ఆలంకారికులు దైన్యము, శంక, గ్లాని, వ్రీడ మున్నగువానిని ముప్పదిమూడు సంచారిభావములలో చేర్చిరి. సంచారులు వచ్చిపోవునవి, వాని క్రింద నిలుకడగల భావమొకటి ఉండవలెను. ఈ గ్రంథమున రూపమును గూర్చిన వ్రీడ, చోటును గూర్చిన శంక సంచారులు. క్రింద నిలిచినది తల్లికై బిడ్డ పడు తపన. వాత్సల్యమును రసముగా అంగీకరించిన విశ్వనాథుడు సాహిత్యదర్పణమున బిడ్డను ఆలంబనముగా చెప్పెను. ఇచట తల్లియే ఆలంబనము, బిడ్డయే ఆశ్రయము. వాత్సల్యమును తిరుగవేసి చూచినపుడు కనబడు ఈ భావమును పరిశీలించుటకు స్వీయచరిత్ర వంటి ప్రక్రియ మిక్కిలి అనువైనది.

ఇక బాలిక కొలత మారిన తీరు చూడవలెను. అది ఉపదేశము వలన మారలేదు. మూడు సంఘటనల వలన మెల్లగా మారినది. తెల్లవారి అల్లరిపిల్లలు దుకాణము ముందు నిలిచి నాయనమ్మను వెక్కిరించినపుడు, ఆమె కదలక, భక్తిగీతమును కూనిరాగముగా పాడుచు నిలిచినది. వారు పోయిన తరువాత ఏడ్చుచున్న బాలిక తలయెత్తి చూడగా, ఆ గోధుమవన్నె ముఖము చంద్రబింబమువలె తోచినది. ఆమె అందముగా నున్నదని బాలికకు అనిపించినది. పసిడిజుట్టుతో పనిలేని అందమును ఆమె గుర్తించిన ఘట్టమిది. ధైర్యము ముఖమున ప్రకాశించుటయే ఆ అందము.

రెండవది బెర్తా ఫ్లవర్స్ అను విదుషీమణి చేసిన మేలు. మూగనోము పట్టిన బాలికను ఆమె తన యింటికి పిలిచి, ఫలహారము పెట్టి, డికెన్స్ నవలను బిగ్గరగా చదివి వినిపించినది; పద్యము నొకటి కంఠస్థము చేసి తనకు వినిపింపుమన్నది. ఇందు మందు పుస్తకమొక్కటే కాదు. తాను హెండర్సన్ గారి మనుమరాలుగా గాని, బెయిలీ చెల్లెలుగా గాని గాక, కేవలము మార్గరీట్‌గా ఒకరికి ఇష్టురాలనైతినని బాలిక సంతసించినది. ఎవరికి చెందుదునన్న ప్రశ్నకు ముందుగా తనకు తాను చెందవలెనన్న సమాధానము ఇచట మొలకెత్తినది.

ఆ మొలక మూడవ సంఘటనలో తలయెత్తినది. పనికి చేరిన ఇంటి తెల్లయజమానురాలు, పలుకుటకు పొడవుగా నున్నదని ఆమె పేరును కుదించి మేరీ అని పిలువసాగినది. బాలిక, ఆ యజమానురాలు ప్రాణసమానముగా చూచుకొను పాత్రలను బుద్ధిపూర్వకముగా పగులగొట్టి ఆ కొలువు వదలించుకొన్నది. చిన్నతనమున తల్లి పంపిన పాత్రలను భద్రపరచిన చేతులే ఇవి. తన పేరును ఇతరులు దిద్దుటకు ఒప్పని బాలిక, తన రూపమును ఇతరులు నిర్ణయించుటకును చిరకాలము ఒప్పదు.

ఈ మార్పు ఒక్కసారిగా పూర్తి కాలేదు. కౌమారమునను తన శరీరము స్త్రీత్వమునకు తగినది కాదేమోనన్న శంక ఆమెను విడువలేదు. ఆ శంకను తీర్చుకొనబోయియే ఆమె గర్భవతియైనది. 1945లో కుమారుడు జన్మించెను. తన మోటుచేతులు బిడ్డను గాయపరచునేమోనని ఆమె తాకుటకు సైతము భయపడెను. వివియన్ బాక్స్టర్ పట్టుపట్టి ఆ శిశువును ఆమె పక్కలో పరుండబెట్టినది. నడిరేయి తల్లి లేపి చూపగా, నిద్రలోనే తన మోచేయి దుప్పటిని గుడారమువలె ఎత్తి పట్టియుండగా, దాని నీడలో బిడ్డ సుఖముగా నిద్రించుచుండెను. గ్రంథము ఇచట ముగియును. ఏ దేహమును ఆమె జీవితమంతయు నిందించినదో, ఆ దేహమే తెలియకుండ తల్లిపని చేసినది. ఆ సంగతిని చూపినది, ఒకప్పుడు పంపివేసిన తల్లియే. తల్లిని గూర్చిన ప్రశ్న ఇంతటితో తీరలేదనుటకు, 2013లో ఆమె ప్రకటించిన చివరి స్వీయచరిత్ర సంపుటము 'మామ్ అండ్ మి అండ్ మామ్' తల్లినే వస్తువుగా గ్రహించుట నిదర్శనము.

కథనపద్ధతిని గూర్చి ఒకమాట. ఈ గ్రంథమున రెండు గొంతులున్నవి: అనుభవించిన బాలిక గొంతు, నలుబదియేండ్ల ప్రాయమున వ్రాయుచున్న రచయిత్రి గొంతు. సంఘమును గూర్చి చెప్పునపుడు రచయిత్రి తీర్పు చెప్పును. తల్లి సౌందర్యమును గూర్చి బాలిక చేసిన తీర్మానమును మాత్రము ఖండింపక విడుచును. ఆ మౌనమే గ్రంథమునకు బలము. ఖండించియుండినచో మనకు ఆ బాలికపై జాలి కలుగును. విడిచినందున ఆమె తర్కము మన మనసున జరుగును. పరిశోధక విద్యార్థులు ఇట్టి గ్రంథములను చదువునపుడు, నేను కురూపినన్న వాక్యమును రూపవర్ణనగా గ్రహింపరాదు. అట్లని అమాయకపు మాటగా త్రోసివేయను రాదు. అది ఏ సందర్భమున, ఎవరి యెదుట, ఏ ప్రశ్నకు జవాబుగా వచ్చినదో విచారింపవలెను.

ఉపాధ్యాయులకు ఈ విచారణ గ్రంథములతో ముగియునది కాదు. మన యిండ్లలో పిల్లలను ఏడ్పించుటకు, నిన్ను తవుడుకు కొంటిమని పరిహాసమాడుట పరిపాటి. అన్నకు రంగు వచ్చినదనియు, చెల్లెలికి తక్కువైనదనియు బంధువులు పిల్లల యెదుటనే లెక్కలు వేయుదురు. తల్లి యొడి అందుబాటులో నున్న బిడ్డ ఆ మాటలకు రెండు ఘడియలు ఏడ్చి మరచును. ఏదో యొక కారణమున ఆ యొడి దూరమైన బిడ్డ వానిని మరువదు; తన ప్రశ్నకు దొరికిన జవాబుగా దాచుకొనును. అట్టి బిడ్డకు, నీవు అందముగానే యున్నావని చెప్పుట సరియైన సమాధానము కాదు. ఆ బిడ్డ అడిగినది ఆ ప్రశ్న కాదు. బెర్తా ఫ్లవర్స్ రూపమును గూర్చి ఒక్కమాటయు అనక, చదివి వినిపించి, చదువుమని పుస్తకమిచ్చి పంపినది. అడుగని ప్రశ్నను విని, దానికి తగిన సమాధానమిచ్చిన గురువు ఆమె.